దేవుడిచ్చిన నెల

కోనగుర్తి మఠంలో దేవదత్త స్వామి గద్దెనెక్కి నెల తిరక్కుండానే కన్నుమూశాడు. ఉన్న ఆ కాస్త కాలంలో ఆయన చేసినవి రెండే పనులు. కరువు చూడలేక మఠం బావిని ఊరందరికీ తెరిచాడు. పోతూ పోతూ శిష్యుడికి కాషాయం కట్టబెట్టి, విశ్వవిజయ స్వామి అని పేరు పెట్టి, గద్దె అప్పగించాడు.

కొత్త స్వామి రాగానే బావికి తాళం పడింది. ఖాళీ కుండలతో నిలబడ్డ ఆడవాళ్ల తరఫున, మఠం బట్టలుతికే సన్నెమ్మ సభ జరుగుతుండగా వెళ్లి మొరపెట్టుకుంది.

"పెద్దస్వామి మాటిచ్చారు స్వామీ."

"దేవదత్తుడంటే దేవుడిచ్చినవాడని అర్థం. ఇచ్చిన దేవుడే నెలలోపు వెనక్కి తీసుకున్నాడంటే, ఆయన గద్దెకు తగడనేగా! ఆ నెలలో జరిగిందేదీ చెల్లదు," అన్నాడు స్వామి, సభంతా వినేలా.

సన్నెమ్మ భుజాన ఉన్న మూటలోంచి ఉతికిన తెల్లపంచె ఒకటి తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇదెందుకే?"

"తమరికి కాషాయం ఇచ్చింది కూడా ఆ నెలలోనే కదా స్వామీ. విప్పి ఇస్తే రంగు దించి తెస్తాను. అందాకా ఇది కట్టుకోండి."

స్వామి చెయ్యి తనకు తెలియకుండానే పైమీది కాషాయాన్ని గట్టిగా పట్టుకుంది. చివరికి ఆయన మొలనున్న తాళంచెవి తీసి పంచె మీద పెట్టాడు.

"నెల తిరక్కుండా పోయిన మనిషి..." అని గొణిగాడు.

"వానైనా అంతే కదా స్వామీ," అంది సన్నెమ్మ, తాళంచెవి అందుకుంటూ. "ఇలా వచ్చి అలా పోతుంది. ఏడాదంతా మనం తాగేది దాన్నే."