అరగని ముల్లు

శమంతకమణికి తన కంటి మీద మహా గర్వం. ఒట్టి గర్వమూ కాదు. పురుగుల మీద పరిశోధనకు కర్నూలు నుంచి హిమాలయాలకు వచ్చిన బృందంలో రాయి తిప్పగానే ముక్కు పురుగును పట్టేది ఆమె ఒక్కతే. గోధుమ గింజంత ఉండి, ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉండే పురుగది. దాన్ని వెతకడమంటే మాటలు కాదు.

ఆ రోజు ఆమె గుడారంలోకి వచ్చిన తీరు చూస్తే కొండనే పీకి తెచ్చినట్టుంది.

"సార్, కొత్త జాతి దొరికింది!"

రవూఫ్ మాస్టారు చాయ్ గ్లాసు కింద పెట్టారు. ఈ కనుమకు ఇటూ అటూ దొరికే పచ్చ పురుగులన్నీ ఒకే జాతి అని వయసులో ఉండగా తేల్చింది ఆయనే. ఇక మోకాళ్ళు మాట వినడం లేదు, ఇదే ఆయన ఎక్కే ఆఖరి కొండ. దిగేలోగా ఒక కొత్త పురుగుకు గురువుగారి పేరు పెట్టాలని మణి పట్టుదల.

తెల్ల కాగితం మీద రెండు పురుగులు పెట్టింది.

"ఇది మీ పచ్చది సార్, ఒళ్ళంతా పచ్చ పొలుసులు. ఇది నల్లది, ఒక్క పొలుసు లేదు. రెండూ ఒకే రాయి కింద ఉన్నాయి. ఇంతమంది వచ్చి చూసిపోయారు, ఎవరికీ కనపడలేదు."

పక్కన చీటీ కూడా సిద్ధం. దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో 'రవూఫీ' అని రాసి ఉంది.

మాస్టారు పురుగుల వంక చూడలేదు. ఉన్ని టోపీ తీసి, ఆమె ముందు తల వంచారు. నున్నటి బట్టతల.

"నీ వయసులో ఇక్కడ ఉంగరాల జుట్టుండేది మణీ. ఇప్పుడు నాదీ కొత్త జాతేనా?"

మణి ముఖం కందిపోయింది. ఆయన నవ్వినా బాగుండేది, నవ్వలేదు. ఆమె పచ్చ పురుగును తీసుకుని బొటనవేలితో వీపు మీద రుద్దింది. పచ్చదనం వేలికి అంటుకుంది. కింద నలుపు తేలింది. రాళ్ళ సందుల్లో పాకి పాకి ఒరుసుకుపోయిన ముసలి పురుగును చూసి ఇంత సంబరపడిందన్నమాట!

ఏడుపొచ్చింది. కానీ ఏడ్చి ఊరుకునే పిల్ల కాదు.

మర్నాడు కొండ ఎక్కలేదు. కనుమకు రెండువైపులా పట్టిన పచ్చవీ నల్లవీ అన్నీ ముందు పోసుకుని మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి రంగు జోలికి పోలేదు. భూతద్దం కింద ఒక్కో కాలూ తిప్పి తిప్పి చూసింది. మధ్యాహ్నానికి చెయ్యి ఆగిపోయింది. ముందు కాలి తొడ మీద చిన్న ముల్లు. కనుమకు ఇవతల పట్టిన ప్రతి పురుగుకూ ఉంది, పచ్చదైనా నల్లదైనా, ఆడదైనా మగదైనా. అవతలి వాటిలో ఒక్కదానికీ లేదు.

రెండు జాతులున్న మాట నిజమే, కాకపోతే తను విడదీసిన చోట కాదు. అన్నీ ఒకటే అని చెప్పింది మాస్టారే. ఇప్పుడీ మాట బయటపెడితే ఆఖరి కొండ మీద ఆయన చేతిలో పెట్టేది ఆయన తప్పే.

భూతద్దాన్ని రెండుసార్లు పెట్టెలో పెట్టి మళ్ళీ తీసింది. చివరికి భూతద్దమూ, కనుమకు ఇటుదీ అటుదీ రెండు పురుగులూ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

"సార్... మీరు పొరబడ్డారేమో."

మాస్టారు ముందు ఇవతలి పురుగును చూశారు. తర్వాత అవతలిదాన్ని. మళ్ళీ ఇవతలిదాన్ని.

"అవునమ్మా, పొరబడ్డాను," అన్నారు. "పేరేం పెడతావు?"

మణి పాత చీటీని ముందుకు జరిపింది. ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"ఇది నాకుండనీ. పురుగుకు ముల్లు పేరు పెట్టు. అది అరగదు."

అని లేచి, మోకాళ్ళ సంగతి మరిచిపోయి, గబగబా బయటికి నడిచారు. వంట చేసే దోర్జేకు వచ్చీరాని హిందీలో ఆయన చెబుతున్న మాటలు గుడారాలన్నిటికీ వినపడుతున్నాయి.

"ఇన్నేళ్ళూ నేను తప్పు చెప్పాను దోర్జే! ఎవరు దిద్దారనుకున్నావు? మా మణి! నా శిష్యురాలు!"

టోపీ బల్ల మీదే ఉండిపోయింది. మణి దాన్ని పట్టుకుని చలిగాలిలో ఆయన దగ్గరికి పరుగెత్తింది.

మాస్టారు మాట ఆపకుండానే ఆమె ముందు తల వంచారు.