తడి చెయ్యి

చిదానందప్ప ఆ ఆదివారం సైకిలుకు స్టాండు కూడా వేయలేదు. గోడకు పారేసినట్టు ఆనించి, గుడ్డసంచిలోంచి తోలుబ్యాగు తీసి, దస్తగిరి ఉస్తాద్ ముందర ఠప్పున పెట్టాడు.

“చూడండి ఉస్తాద్. నాలుగు నెలల కష్టం. ఎట్ల నాశనం చేసినాడో చూడండి!”

ఉస్తాద్ చూడలేదు. ఎద్దు మెడకు కట్టే గంటల పట్టెడ ఆయన మోకాళ్ళ మధ్య ఉంది. కుట్టు వరస మొదలుపెడితే అది చివరికి చేరేదాకా కలెక్టరు వచ్చి నిలబడినా ఆయన తల ఎత్తడు. సూది గుచ్చడం, మైనం పూసిన దారం రెండు చేతులా లాగడం, మళ్ళీ గుచ్చడం. చిదానందప్పకు ఒళ్ళు మండిపోయింది. ఇల్లు కాలుతోందని మనిషి పరుగెత్తుకొస్తే ఈయన గంటలు కుట్టుకుంటున్నాడు!

ఆదోనిలో జట్కాలు తిరిగిన రోజుల్లో గుర్రపు జీను అంటే దస్తగిరి ఉస్తాద్‌దే. జట్కాలు పోయాయి. ఇప్పుడు ఎద్దుల పట్టెడలు, నడుం పట్టీలు కుడతాడు. డెబ్బై రెండేళ్ళు. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది.

చిదానందప్ప హైస్కూల్లో సైన్సు అయ్యవారు. తోలుపని ఆయనకు పొట్ట కోసం కాదు, ఇష్టం కోసం. మూడేళ్ళుగా, వారంలో ఆరు రోజులు పిల్లలకు పాఠం చెప్పి, ఏడో రోజు ఇక్కడికొచ్చి కింద కూచుంటాడు. మొదటి ఆరునెలలు ఉస్తాద్ ఆయన చేత కత్తి నూరడం తప్ప ఇంకేమీ చేయించలేదు. ఇంటిదగ్గర మాత్రం ప్రయోగాలకు అంతులేదు. బెల్లం నీళ్ళలో తుప్పుమేకులు నానబెట్టి నల్లరంగు తీశాడు. దానిమ్మ తొక్క ఉడకబెట్టి పసుపు తీశాడు. ప్రతి తోలుముక్క వెనకా తేదీ, వేళ, కొలత రాస్తాడు.

“ఇది తోలా, పరీక్ష పేపరా?” అని ఉస్తాద్ ఒకసారి నవ్వాడు. అంతకు మించి మెచ్చుకున్నది లేదు.

వరస అయింది. ఉస్తాద్ దారం కొరికి, పట్టెడ పక్కన పెట్టి, అప్పుడు బ్యాగు చేతిలోకి తీసుకున్నాడు.

ఎనుము తోలు, అంటే గేదెది. తంగేడు చెక్కతో పదును చేసింది. రంగు వేయకుండా, కొత్తబెల్లం రంగులో అట్లే ఉంచాడు. కుట్టు ఒక్కటి కూడా వంకర పోలేదు. ఉస్తాద్ వేలితో అంచు తడిమాడు, పట్టీ గుంజి చూశాడు, ఏమీ అనలేదు. ఏమీ అనలేదంటే బాగుందని. అది చిదానందప్పకు తెలుసు. తెలిసినందుకే ఇంకా మండింది. ఎందుకంటే బ్యాగు మూత మీద, సరిగ్గా కంటికి కనిపించే చోట, ఐదు మచ్చలున్నాయి. నాలుగు వరసగా, ఒకటి పక్కన. తేనెరంగు మీద బురద చుక్కల్లాగా.

“ఎవురు?” అన్నాడు ఉస్తాద్.

“ఇంకెవరు, కంబగిరి! పత్తి ప్రెస్సులో గుమాస్తా చేస్తాడే, వాడు. ముప్పై రెండేళ్ళ స్నేహం ఉస్తాద్. బుధవారం బడికి సెలవు. మధ్యాహ్నం ఎండలో పడి వచ్చినాడు. కూజా ఎత్తుకోని గటగటా తాగినాడు. మూతి తుడుచుకున్నాడు గానీ చెయ్యి తుడుచుకోలేదు. ‘అబ్బా, ఏం చేసినావురా చిదా!’ అంటా వచ్చి, అరచెయ్యి తెచ్చి దీని మీద పెట్టినాడు. నీళ్ళు కారే చెయ్యి! నేను లేచి పట్టుకునేలోగా పీల్చేసింది.”

“నువ్వేమన్నావు?”

“ఏమనాల? దున్నపోతా, చెయ్యి తుడుచుకునే తెలివి కూడా లేదా నీకు, ఇంక నా గడప తొక్కొద్దు అన్నా. గుంజి పడేసినా చెయ్యి. గురువారం వచ్చినాడు, లేనని చెప్పించినా. నిన్న మళ్ళీ వచ్చినాడు. నేను లోపల దగ్గుతా ఉంటే వానికి వినబడుతుందని తెలిసి కూడా, లేనని చెప్పించినా.”

“ఊ.”

“ఊ అంటారేం ఉస్తాద్! మంగళవారం కర్నూల్లో ప్రదర్శన. నా పేరు రాసుకున్నారు, బల్ల ఇచ్చినారు. దీన్నేం పెట్టుకోని పోవాల?”

ఉస్తాద్ బ్యాగును వెలుతురుకు వంచాడు. మచ్చల చుట్టూ తోలు మెరుపు పోయి, నూగు లేచి, పాలిపోయి ఉంది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

“ఇదేంది? ఇక్కడేం చేసినావు?”

చిదానందప్ప గొంతు కొంచెం తగ్గింది. “మచ్చ తీద్దామని... నిమ్మకాయ రుద్దినా. పోలేదు. స్పిరిటు పెట్టినా. ఫోన్లో ఎవరో చెప్తే పండ్ల పేస్టు...”

“తోలుకు పేస్టు రాస్తావా? దానికేం పండ్లున్నాయా తోముకోను?”

“ఆఖరికి సన్నరకం గరుకు కాగితంతో ఒక్కసారి...”

“గరుకు కాగితం!” ఉస్తాద్ బ్యాగును ఒళ్ళోకి లాక్కున్నాడు, ఎవరో కొడుతుంటే అడ్డం పడినట్టు. “ఇది కిటికీ చెక్క అనుకున్నావా? ఒక బతికిన జంతువు చర్మం అయ్యవారూ ఇది! పిల్లోనికి బురద అంటితే చర్మం గీకి కడుగుతావా? నీకు సైన్సు ఎవురు చెప్పినారు?”

“తప్పు చేసినోడు వాడు, తిట్లు నాకా?”

“నువ్వు అడుగు దూరంలో ఉండావు, వాడు లేడు. అందుకే నీకు.”

చిదానందప్ప మూతి ముడుచుకుని కూచున్నాడు. ఉస్తాద్ బ్యాగు లోపలికి చెయ్యి పెట్టి అడుగు తడిమాడు, మూత తిప్పి వెనక చూశాడు.

“నూనె చెయ్యి, చెమట చెయ్యి తగిలిందా యాడన్నా? తగిలితే చెప్పు. దాని సంగతి వేరే.”

“లేదు.”

“నిజం చెప్పు. నాలుగు నెలలు ఇంట్లో ఉండాది గదా. ఎంతమంది చెయ్యి పెట్టింటారు?”

“ఎవరు ముట్టుకుంటారు ఉస్తాద్!” చిదానందప్పకు పాత మంట కూడా వచ్చి దీంట్లో కలిసింది. “మా ఇంట్లో తోలు అంటే ఏమనుకున్నారు? దొడ్లో రేకుల కింద కూచోని చేసుకోవాల నేను. గడప దాటి లోపలికి తేనియ్యరు. పని అయినాక స్నానం చేసి రావాల. మా అన్న వచ్చినాడు, ముక్కుకు పైపంచ అడ్డం పెట్టుకోని, ‘అయ్యవారి ఉద్యోగం చేసుకుంటా నీకిదేం ఖర్మరా’ అన్నాడు. స్కూలుకు తీసుకుపోయి చూపిస్తే, అందరూ బాగుంది బాగుంది అన్నారు, దూరంనుంచి! ఒక్కడూ చెయ్యి చాపలేదు. టీ తాగుతాన్నానని ఒకడు, పూజ చేసుకోని వచ్చినా అని ఒకడు. తోలు చెప్పులు వేసుకోని తిరుగుతారు అందరూ, నా బ్యాగు ముట్టుకుంటే మైల! ఎవరు ముట్టుకుంటారు దీన్ని?”

“అంటే, ఈ చెయ్యి ఒకటే.”

“అవును, ఆ చెయ్యి ఒకటే. తగలక తగలక ఆ దరిద్రపు చెయ్యి...”

చిదానందప్ప మాట మధ్యలో ఆగింది. ఉస్తాద్ ఆయన వైపు చూడటం లేదు. తన చేతులు పాతగుడ్డకు తుడుచుకుంటున్నాడు, ఒక్కో వేలూ, మెల్లగా.

చిదానందప్ప చెయ్యి చాపి మూత కుట్టు చూపించాడు. “మూత విప్పి కొత్త తోలు వేద్దాం ఉస్తాద్. మీరు కోస్తే నేను రాత్రంతా కూచోని కుడతా. వానితో మాత్రం ఇంక మాట లేదు.”

ఉస్తాద్ గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

“మీరు నాకు చెప్పకండి. మీరు ఎదురంగడి మాబుతో పదకొండేండ్లుగా మాట్లాడరు. మూడేండ్లనుంచి నేనూ చూస్తానే ఉన్నా గదా.”

అనకూడని మాట. అనేశాకే చిదానందప్పకు అది తెలిసింది.

ఉస్తాద్ తల ఎత్తి వీధికి అడ్డంగా ఎదురంగడి వైపు చూశాడు. ఆ చూపులో పదకొండేళ్ళు ఒక్కరోజు కూడా తగ్గలేదు.

“మాట్లాడను. చచ్చేదాకా మాట్లాడను. రెక్సిన్ తెచ్చి తోలని చెప్పి అమ్మినాడు, ఉస్తాద్ దస్తగిరి కుట్టినాడని నా పేరు చెప్పి అమ్మినాడు. తెలిసి చేసినాడు. నీ కంబగిరి ఏమని చెయ్యి పెట్టినాడో ఇంకొకసారి చెప్పు.”

“‘అబ్బా, ఏం చేసినావురా చిదా’ అని...”

చిదానందప్ప ఆ మాట మెల్లగా అన్నాడు. ఇందాక అన్నట్టు రాలేదు.

ఉస్తాద్ లేచాడు. మోకాళ్ళు పట్టుకుని, గోడ ఆసరాతో. అంగడి వెనక తోలు నానబెట్టే సిమెంటు తొట్టి ఉంది. పొద్దున్నే నింపిన నీళ్ళు. బ్యాగు బకిల్ విప్పాడు, మూత తెరిచాడు, రెండు చేతులా పట్టుకుని తొట్టిలో నిలువునా ముంచాడు.

“ఉస్తాద్!”

చిదానందప్ప ఎగిరి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. మూడేళ్ళలో ఉస్తాద్‌ను ముట్టుకోవడం అదే మొదలు. ముసలి చెయ్యి కదల్లేదు. బుడగలు బుడబుడమంటూ పైకొచ్చాయి. తోలు నీళ్ళు తాగుతోంది.

“ఐదు చుక్కలకే ఇట్లయింది, తొట్టెడు నీళ్ళల్లో ముంచుతారా? మీకు పిచ్చి పట్టిందా? వాడు సగం చంపితే మీరు పూర్తిగా చంపుతారా!” చిదానందప్ప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ఇంక నేను మీ దగ్గరికి రాను. ఇదే ఆఖరు.”

“బుడగలు ఆగేదాకా ఉండు. ఆ తరువాత పోదువు.”

బుడగలు ఆగాయి. ఉస్తాద్ బ్యాగు పైకి తీసి, నీళ్ళు ఓడ్చి, ఆయన మొహం ముందర పట్టాడు. తోలు మొత్తం ఒకే రంగు. తడిసిన నల్లరేగడి రంగు. మూత మీద, పట్టీ మీద, అడుగున, అంతటా ఒకటే.

“చూపించు. యాడుండాది మచ్చ?”

చిదానందప్ప వంగి చూశాడు. ముక్కు తగిలేటంత దగ్గరికి పోయి చూశాడు. నాలుగు వేళ్ళు లేవు. బొటనవేలు లేదు.

“ఆరినాక మళ్ళీ వస్తుంది,” అన్నాడు పట్టుదలగా.

“రాదు. నీళ్ళు మచ్చ కాదు అయ్యవారూ. తడిసిన తోలుకు, తడవని తోలుకు మధ్య గీత ఉండాదే, అది మచ్చ.”

చిదానందప్ప వేలు మూత మీద ఒక చోట ఆగింది. అక్కడ తోలు తడిసినా మెరవడం లేదు. అరచెయ్యంత మేర నూగుగా, గుడ్డిగా ఉంది.

“ఇది పోలేదు.”

“అది పోదు,” అన్నాడు ఉస్తాద్. “అది గరుకు కాగితం.”

ఉస్తాద్ పాత పంచెగుడ్డలు చుట్టి బ్యాగు లోపల కుక్కడం మొదలుపెట్టాడు, ఆకారం పోకుండా. చిదానందప్ప చూస్తూ నిలబడి, కాసేపటికి తానూ కూచుని మూలల్లోకి గుడ్డ తోశాడు. నీడలో కొయ్యకు తగిలించారు.

“ఎన్ని దినాలు?”

“నాలుగు. ఎండలో పెడితే పగులుతాది.”

“మంగళవారం ప్రదర్శన...”

“ఈ బ్యాగు పోదు. బల్ల ఇంకెవరికన్నా ఇస్తారు.”

ఇంకో ఆదివారమైతే చిదానందప్ప దానికి గంటసేపు వాదించేవాడు. ఆ రోజు వాదించలేదు. గోడనుంచి సైకిలు తీసుకున్నాడు. పత్తి ప్రెస్సు ఉన్న వైపుకు హ్యాండిలు తిప్పాడు. ఆదివారం కూడా కంబగిరి ఐదు గంటల దాకా అక్కడే ఉంటాడు. పెడలు మీద కాలు పెట్టి, మళ్ళీ దించి, వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అడగడానికి నామోషీగా ఉంది. అయినా అడిగాడు.

“ఉస్తాద్. ఇది ఆరి, మెరుగు పెట్టి, అంతా అయినాక... మళ్ళీ ఎవరన్నా తడి చెయ్యి పెడితే?”

ఉస్తాద్ అప్పటికే పట్టెడ మోకాళ్ళ మధ్య బిగించి, కొత్త వరసకు సూది గుచ్చాడు. కాబట్టి తల ఎత్తలేదు.

“ముందు పెట్టేవాడు ఉండాల గదా, అయ్యవారూ.”