తిత్తివారూ, కొత్త ఆర్గానూ

కంభాలరేవులో తెలివైనవాళ్ళెవరని తిత్తివారిని అడగండి. "ఇంకెవరు, మేమే" అంటారు. మిగతా ఊరిని అడిగితే ఏమంటుందో నేనిప్పుడే చెప్పను, కథ చప్పబడిపోతుంది.

తిత్తివారు అనేది వాళ్ళ ఇంటిపేరు కాదు, వాళ్ళ పని. కాలవ గట్టు మీద దొరల కాలంలో కట్టిన రాతి చర్చి ఉంది. అందులో గొట్టాల ఆర్గాన్ ఒకటుంది. గదంత చెక్క పెట్టె, దాని నెత్తిన చిన్నవీ పెద్దవీ లోహపు గొట్టాలు. ముందు కూర్చుని మెట్లు నొక్కితే సరిపోదు, గొట్టాల్లోకి గాలి పోవాలి. అందుకని పెట్టె వెనకాల కొలిమితిత్తి లాంటి పెద్ద తోలుతిత్తి, దానికో పొడుగాటి పిడి. ఆ పిడి ఎత్తి దించుతూ గాలి కొట్టడం తాతల నుంచీ వీళ్ళ పని. ఇంటిపెద్ద నెహెమ్యా, ఆయన భార్య దీవెనమ్మ, తమ్ముడు తీతు. ముగ్గురూ వంతులేసుకుని కొట్టేవాళ్ళు. చర్చి వెనక గదిలోనే కాపురం.

"జనం ఆర్గాన్ వాయించేది అమ్మగారనుకుంటారు" అనేవాడు నెహెమ్యా. అమ్మగారంటే పాస్టరుగారి భార్య. "మేం గాలి ఆపామా, ఆవిడ వేళ్ళు చెక్క మీద టకటకలాడుకోవాల్సిందే. పాటంతా మాది. ఆవిడ ఊరికే తోడుంటారు."

"ఆ సంగతి ఆవిడకి తట్టదండీ. పాపం, చదువుకున్న మనిషి" అనేది దీవెనమ్మ జాలిగా.

ఆర్గాన్ ముసలిదైపోయింది. ఎలుకలు తోలు కొరికాయి. సగం గొట్టాలు మూగబోయాయి. ఆరాధనలో ఓ ముక్క పాట, ఓ ముక్క దగ్గు వినిపించేది. ఇలా లాభం లేదని పాస్టరు మనోహరం అయ్యగారు చెన్నపట్నం నుంచి కెజియా అనే ఇంజనీరమ్మని పిలిపించారు. పాత ఆర్గాన్లకి కొత్త ప్రాణం పోయడమే ఆ అమ్మాయి ఉద్యోగం.

కెజియా లోపలికి దూరి, దుమ్ముకొట్టుకుని బయటికొచ్చి చెప్పింది. "బతికున్న గొట్టాలని శుభ్రం చేసి అలాగే ఉంచుదాం అయ్యగారూ. వాటి గొంతులు రికార్డు చేసి కంప్యూటరుకి ఎక్కిస్తాను. మూగబోయిన గొట్టాల వంతు ఆ కంప్యూటరు స్పీకర్లలోంచి పాడుతుంది. రెండూ కలిసిపోతాయి, ఎవరూ తేడా కనిపెట్టలేరు. ఇక తిత్తి అంటారా, దాని బదులు కరెంటు మోటరు పెడదాం."

అంతే. తిత్తివారి మొహాలు మూడూ ఒక్కసారే మాడిపోయాయి.

"మరి మేమో, అయ్యగారూ?" అన్నాడు నెహెమ్యా.

అయ్యగారు మెత్తని మనిషి. "మిమ్మల్నెక్కడికి పొమ్మంటానయ్యా! కొత్త ఆర్గాన్‌కీ మీరే కాపలా. కానీ ఒక్కమాట. ఈ అమ్మాయి ఏం చెబితే అది, చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. పని చెడగొట్టారో, ఆ గదీ లేదు, ఈ కొలువూ లేదు."

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడంలో మమ్మల్ని మించినవాళ్ళెవరండీ!" అన్నాడు తీతు. అది మాత్రం నిజం. ఇక్కణ్ణించి జరిగినదంతా దానివల్లే.

మొదటిరోజు కెజియా గొట్టాలన్నీ ఊడదీయించి, చాపల మీద పరిపించింది. "బాబాయ్, ఇవి చాలా సున్నితం. పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకోవాలి. దుమ్ము తుడిచి, ఏది ఏదో తెలిసేట్టు ఒక్కోదానికీ పేరు కట్టండి. సాయంత్రానికొస్తా" అని బజారుకెళ్ళింది.

"విన్నారా? పసిపిల్లలట!" దీవెనమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపింది. ఇంకేముంది, పొయ్యి మీద కాగు ఎక్కింది. ఒక్కో గొట్టాన్నీ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని, నువ్వులనూనె మర్దనా చేసి, సున్నిపిండితో నలిచి, గోరువెచ్చటి నీళ్ళు పోసింది. తీతు సాంబ్రాణి పొగ పట్టాడు. నెహెమ్యా పౌడరు అద్దాడు. ఒంటికి అద్దితే సరిపోతుందా, లోపల చెమట పట్టదూ? అందుకని లోపలికీ ఓ గుప్పెడు. చివర్న ఒక్కోదానికీ బుగ్గచుక్క.

కెజియా తిరిగొచ్చేసరికి గొట్టాలన్నీ పాత చీరల పొత్తిళ్ళలో వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కోదాని మెడలో చీటీ.

"బాబాయ్, ఏంటిది? ఇది ఏ స్వరం?"

"అదా? ఏస్తేరమ్మ. మా మేనత్త పేరు పెట్టాం. ఆవిడలాగే ముక్కుతో మాట్లాడుతుంది."

"ఈ పెద్దదో?"

"అది సంఘపెద్ద దానియేలుగారు. ప్రసంగంలో గురక పెడతారు చూడండి, అచ్చం ఆ గొంతే."

"నేను స్వరాల పేర్లు కట్టమన్నాను బాబాయ్!"

"స్వరాలని పేరు పెట్టి పిలిస్తే పలుకుతాయామ్మా?" అంది దీవెనమ్మ. "ఏస్తేరమ్మ అని పిలిస్తే మా అత్త పలుకుతుంది."

ఈలోగా కబురు ఊళ్ళోకి పాకింది. సాయంకాలానికి జనం తమ పేరుగల గొట్టాన్ని చూసుకోడానికి వచ్చేశారు. దానియేలుగారికి తన గొట్టం మహా నచ్చింది. ఏస్తేరమ్మకి తనది సన్నగా ఉందని కోపమొచ్చింది. "నేనింత చిక్కిపోయానట్రా?" అని నెహెమ్యాని పట్టుకు దులిపేసింది.

కెజియా నెత్తి కొట్టుకుని, పొడవు చూసుకుంటూ గొట్టాలన్నీ మళ్ళీ సర్ది పెట్టెలో నిలబెట్టింది. మోగుతాయో లేదో చూద్దామని అయ్యగారిని పిలిచి, గాలి కొట్టమంది. తీతు పిడి దించాడు.

బుస్స్!

దానియేలుగారి నోట్లోంచీ ఏస్తేరమ్మ నోట్లోంచీ, మొత్తం ఆ చుట్టాలందరి నోళ్ళలోంచీ పౌడరు లేచింది. చర్చి నిండా మల్లెల వాసన. మంచు విడినట్టు అది విడేసరికి అయ్యగారి నల్లకోటు పెళ్ళికొడుకు బట్టల్లా తెల్లగా మెరుస్తోంది.

"ఒళ్ళు పేలకుండా వేశామండీ" అన్నాడు నెహెమ్యా, దగ్గుతూ.

గొట్టాలు దులపడం అయ్యాక, గొంతుల రికార్డింగు వచ్చింది. "రేపు పొద్దున్న మైకులు పెడతాను. చర్చిలో చీమ చిటుక్కుమనకూడదు" అంది కెజియా.

తిత్తివారు ఆలోచనలో పడ్డారు. మనుషులని బయటికి పంపొచ్చు. కాకుల్ని తోలొచ్చు. చీమలతో ఎలా?

"బెల్లం చూపించి బయటికి రప్పిద్దాం" అన్నాడు తీతు. "చీమలకి మనంత తెలివి ఉండదుగా."

గుమ్మం బయట బెల్లం ముద్ద పెట్టారు. చర్చిలోని చీమలు కదలవేమోనని వాటికి దారి తెలిసేట్టు లోపల్నుంచి గుమ్మం దాకా బెల్లంపొడి జల్లుకుంటూ వచ్చారు. తెల్లారేసరికి ఊళ్ళో చీమలన్నీ ఆ దారి పట్టుకుని లోపలికొచ్చి బల్లల మీద కొలువుదీరాయి.

"పోనీలే అన్నయ్యా, చిటుక్కుమనడం లేదు. భక్తిగానే ఉన్నాయి" అన్నాడు తీతు.

కెజియా చెవులకి యంత్రం తగిలించుకోబోతే దాంట్లోనూ చీమలు. దులుపుకుని, గోక్కుంటూనే, రికార్డింగు మొదలుపెట్టింది. కాపలాకి నెహెమ్యా వాకిట్లో నిలబడ్డాడు. ఒక గొట్టం పాడింది. దూరంగా ఎవరిదో సైకిల్ బెల్లు. నెహెమ్యా ప్రాణం పెట్టి అరిచాడు: "ఎవర్రా అది! నిశ్శబ్దం!" ఇంకో గొట్టం పాడింది. మేక అరిచింది. "నిశ్శబ్దమే మేకా!" గొట్టం పాడినప్పుడల్లా ఊళ్ళో ఏదో ఒకటి అరవడం, అంతకంటే గట్టిగా ఈయన అరవడం.

మధ్యాహ్నం కెజియా రికార్డు చేసినవి అయ్యగారికి వినిపించింది. ఆర్గాన్ ఒక మెట్టు నొక్కితే "ఎవర్రా అది!" అంది. పక్క మెట్టు నొక్కితే "నిశ్శబ్దమే మేకా!" అంది.

నెహెమ్యా కళ్ళు చెమ్మగిల్లాయి. "చూశారా అయ్యగారూ! మోటరొచ్చినా నా గొంతే పాడుతోంది."

అయ్యగారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మర్నాడు తిత్తివారు ముగ్గుర్నీ పడవెక్కించి కాలవ అవతలికి పంపించి, కెజియా అయ్యగారి చేతే గాలి కొట్టించుకుని మళ్ళీ మొదట్నుంచీ రికార్డు చేసుకుంది.

పని పూర్తయ్యింది. మిగిలింది మోటరొక్కటే. దానికోసం కెజియా బెజవాడ వెళ్ళాలి. అయ్యగారు మీటింగుకని ఊరెళ్ళారు. కెజియా అరచేతిలో ఇమిడే నల్లడబ్బా ఒకటి దీవెనమ్మ చేతికిచ్చింది. "పిన్నిగారూ, ఆర్గాన్ గొంతంతా దీన్లోనే ఉంది. తడి తగలకూడదు. గాలికి బయట పెట్టకూడదు. ఎండ తగలకూడదు. నేనొచ్చేదాకా చెడకుండా చూడండి."

అమ్మాయి బస్సెక్కింది. తిత్తివారు డబ్బా చుట్టూ కూర్చున్నారు.

"అంత ఆర్గాను ఇందులో పట్టిందంటే ఎంత కుక్కి ఉంటారో" అన్నాడు తీతు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. "అన్నయ్యా, ఉలుకూ పలుకూ లేదు."

"నిద్రపోతోందేమోరా, లేపకు" అన్నాడు నెహెమ్యా.

దీవెనమ్మ మాత్రం వేళ్ళు మడిచి లెక్కేస్తోంది. తడి తగలకూడదు. గాలి తగలకూడదు. ఎండ తగలకూడదు. చెడకూడదు. ఆవిడ మొహం చేటంత అయ్యింది. "ఏవండీ! ఇది నాకు తెలియని విద్యా? ఏటేటా చేసేదేగా!"

అంతే, అటక మీంచి ఆవకాయ జాడీ దిగింది. నల్లడబ్బాని ముక్కల మధ్య కుదురుగా కూర్చోబెట్టి, పైన రెండంగుళాల నూనె తేలేట్టు పోసి, మూతికి గుడ్డ వాసెన కట్టింది. "ఇంక ఏడాదైనా బూజు పట్టదు" అంది.

కెజియా మోటరుతో దిగింది. అయ్యగారూ అప్పుడే ఊరినుంచి వచ్చారు. "పిన్నిగారూ, డబ్బా ఏదీ?" దీవెనమ్మ గరిటె తెచ్చింది. గరిటె ఎందుకో కెజియాకి అర్థమయ్యేలోపు, ఎర్రగా నూనె కారుతూ, మెంతులు అంటుకుని, ఆర్గాన్ గొంతు జాడీలోంచి పైకి వచ్చింది.

"బాగా ఊరిందమ్మా" అంది దీవెనమ్మ.

కెజియా గోడకి చేరగిలబడిపోయింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. ఇంకో నకలు ఆ అమ్మాయి సంచీలో ఉంది, సరిపోయింది. లేకపోతే ఆ ఏడాది కంభాలరేవు ఆర్గాన్‌ని అన్నంలో కలుపుకోవాల్సిందే. అయ్యగారు మాత్రం నవ్వలేదు. "నెహెమ్యా, ఇదే ఆఖరు. ఇంకొక్క తప్పు జరిగిందా, గది తాళం నా చేతిలో పెట్టి పొండి."

ఆ పూట తిత్తివారింట్లో ముద్ద దిగలేదు. నెహెమ్యా పాత పిడిని ఒళ్ళో పెట్టుకుని నిమిరాడు. అరచేతులు పట్టి పట్టి అది గాజులా నున్నబడింది. "మా నాన్న చెయ్యి ఇక్కడే ఉండేది" అన్నాడు.

ఆదివారం ప్రతిష్ఠ. బిషప్పుగారు వచ్చారు. చర్చి కిటకిటలాడుతోంది. అయ్యగారు తిత్తివారిని పెట్టె వెనక్కి తీసుకెళ్ళి, గోడకున్న తెల్లటి స్విచ్ చూపించారు. "ఇదే ఇప్పుడు తిత్తి. ఇక మీ కొలువు ఇక్కడ."

ముగ్గురికీ ప్రాణం లేచొచ్చింది. కొలువు పోలేదు! పైగా పిడి ఎంత చిన్నదైపోయిందో!

అమ్మగారు మెట్ల మీద వేళ్ళు పెట్టారు. నెహెమ్యా స్విచ్ వేశాడు. ఆర్గాన్ గొంతు విప్పింది. ఆయన స్విచ్ ఆపాడు. మళ్ళీ వేశాడు. ఆపాడు. తాతల నాటి నుంచీ చేతికి అబ్బిన పని, ఎత్తడం, దించడం. "స్తో" అంది ఆర్గాన్. ఆగింది. "త్రం" అంది. ఆగింది. జనం నోరు తెరవడం, మూయడం. నెహెమ్యాకి చెమట పట్టగానే దీవెనమ్మ అందుకుంది, ఆవిడ అలిసిపోతే తీతు. "అన్నయ్యా, చిన్నదైనా దీనికి బలం ఎక్కువే కావాలి" అని రొప్పాడు.

అయ్యగారు అంగీ ఎగరేసుకుంటూ పరుగెత్తుకొచ్చారు. సరిగ్గా స్విచ్ వేసి ఉన్న క్షణంలో తీతు చెయ్యి పట్టుకుని లాగారు. "ఇంకోసారి ఈ స్విచ్ ముట్టుకున్నారంటే మీకూ ఈ గుడికీ చెల్లు! కర్రతో కూడా తాకడానికి వీల్లేదు!"

ముగ్గురూ చేతులు వెనక్కి కట్టుకుని గోడకి అతుక్కున్నారు. ఆర్గాన్ మోగింది. మూగబోయిన గొట్టాలూ బతికిన గొట్టాలూ కలిసి, రాళ్ళు కూడా వింటున్నాయా అన్నట్టు మోగింది. ఎప్పుడూ గాలి కొడుతూ రొప్పే ఆ ముగ్గురూ దాన్ని నిమ్మళంగా నిలబడి వినడం అదే మొదలు. "ఇంత బావుంటుందా మన పాట!" అంది దీవెనమ్మ, ముక్కు చీదుతూ.

ఆరాధన అయిపోయింది. బిషప్పుగారితో సహా అందరూ భోజనాలకెళ్ళారు. వెళుతూ వెళుతూ అయ్యగారు గుమ్మంలోంచి కేకేశారు. "నెహెమ్యా, మోటరు ఆపించెయ్యి!"

తిత్తివారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆపాలి. ముట్టుకోకూడదు. ముట్టుకుంటే గది పోతుంది, కొలువు పోతుంది.

దీవెనమ్మ నోటితో ఊదింది, ఆగలేదు. నెహెమ్యా బతిమాలాడు, ఆగలేదు. అప్పుడు తీతు చిటికె వేశాడు. "అన్నయ్యా! గాలి మోటరుది. మోటరుకి కరెంటు స్తంభానిది. స్తంభానికి?" అని పంచె బిగించి, సబ్‌స్టేషన్ దాకా ఒకటే పరుగు. వెనకాలే నెహెమ్యా.

"బాబూ! చర్చిలో మోటరు ఆగడం లేదు! స్విచ్ ముట్టుకుంటే మా పని అయిపోయినట్టే!" అన్నాడు రొప్పుతూ.

అక్కడి ఉద్యోగి గుండె జారింది. స్విచ్ ముట్టుకుంటే పోతున్నారంటే ఇంకేముంది! మీట లాగేశాడు.

పందిట్లో బిషప్పుగారి నెత్తిన ఫ్యాను ఆగింది. బియ్యం మిల్లు ఆగింది. సెలూన్లో మిషను ఒకాయన తల సగం గొరిగి ఆగింది. ఊళ్ళో ఇళ్ళన్నిట్లోంచీ ఒకేసారి "అయ్యో" వినిపించింది.

నెహెమ్యా చేతులు జోడించుకుని పందిట్లోకి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఆపించేశాం అయ్యగారూ! స్విచ్‌కి మా నీడ కూడా తగల్లేదు."

అయ్యగారి చేతిలో లడ్డూ సాంబార్లో పడింది. "ఊరంతటికీ తీయించావా? ముందు కరెంటు వెయ్యమని చెప్పు!"

"అదెలా కుదురుతుందండీ, మోటరు మళ్ళీ తిరుగుతుందిగా! 'స్విచ్ ముట్టుకోవచ్చని చర్చివాళ్ళు చెబితేనే వేస్తా'నన్నాడు ఆ అబ్బాయి. 'ససేమిరా ముట్టుకోకూడదు, అయ్యగారి మాట' అని చెప్పి, తమ్ముణ్ణి అక్కడే కాపలా పెట్టి వచ్చాను." ఉక్కపోతతో విసురుకుంటున్న బిషప్పుగారి వైపు తిరిగి, ధైర్యం చెబుతున్నట్టు చెయ్యి ఊపాడు. "మీరేం కంగారు పడకండి బాబూ, వచ్చే ఆదివారం ఆరాధనకి ఊరికి కరెంటు ఇప్పించే పూచీ మాది!"