ఇసుకలంక పిలుపు

ఈ కథ ఎన్నడూ వినని పిల్లలూ, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. వింటున్నంతసేపూ ఊ కొట్టడం మరిచిపోకండి. ఊ అనేవాళ్ళు లేకపోతే కథ సాగదు.

అనగనగా ఒక మహానది. ఆ నది నడుమ రెండు చిన్న లంకలు. తూర్పున ఇసుకలంక, పడమట రెల్లులంక. ఏటా వరద వచ్చి ఆ లంకల్ని కొంచెం కొంచెంగా కొరుక్కు తినేది. తెల్లవారేసరికి ఏ ఊరు మిగులుతుందో, ఏది పోతుందో ఎవరికీ తెలియదు. అందుకే అక్కడొక ఆచారం ఉండేది. పొద్దు పొడవగానే ఇసుకలంక కొసన నిలబడి ఒకరు గొంతెత్తి పిలిచేవారు.

“ఉన్నారా?”

రెల్లులంక నుంచి ఒకరు పలికేవారు.

“ఉన్నాం. మీరున్నారా?”

“ఉన్నాం.”

ఆ మాట విన్నాకే రెండు ఊళ్ళలోనూ పొయ్యి వెలిగేది. ఆగకుండా మూడుసార్లు పిలిస్తే ఆపద వచ్చిందని, పడవలు పంపమని అర్థం.

పలికేది రెల్లులంక నూకాలు. పిలిచేది ఇసుకలంకకు కోడలుగా వెళ్ళిన ఆమె చెల్లెలు ముత్యాలు.

నది గట్టున హేమవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయన గాదెలకు అడుగు కనిపించేది కాదు. ఇసుకలంక తన రాజ్యంలో ఒక చెక్క, అక్కడ వేరే ఊరంటూ లేదని రాజు పట్టుదల. మా ఊరు మాదే అని ఇసుకలంక వాళ్ళ మాట.

ఒక ఏడు రెల్లులంక పంటంతా నీటిపాలైంది. నూకాలు మనవరాలు మూడు రోజులు గంజి కూడా లేక ముడుచుకు పడుకుంది. నాలుగో రోజున రాజుగారి పడవ వచ్చింది, నిండా బియ్యంతో. వెంట రాయబారి దిగాడు.

“ఇది రాజుగారి దానం. ప్రభువుల కోరిక ఒక్కటే. ఇకమీదట ఇసుకలంక పిలుపుకి మీరు పలకకూడదు. లేని ఊరికి బదులేమిటి?”

ఊరిపెద్ద అప్పన్న తల గోక్కున్నాడు. “నోరున్నది ముందు తినడానికి, తరవాతే పలకడానికి. ఊరుకుందాం నూకాలూ.”

“అది నా చెల్లెలు మావా.”

“చెల్లెలే కదా, అర్థం చేసుకుంటుందిలే.”

మర్నాడు పొద్దున్నే పిలుపు వినిపించింది. నూకాలు నోరు తెరిచింది. పక్కన అన్నం తింటున్న మనవరాలిని చూసింది. నోరు మూసుకుంది.  కాసేపటికి అటునుంచి మళ్ళీ ఆ గొంతే.

“అక్కా, గొంతు పట్టేసిందా? మిరియాల కషాయం తాగు.”

రెండో ఏడు రాజుగారు ఏడు కొత్త పడవలు పంపారు. వాటిలో ఏదీ ఇసుకలంక రేవు తాకకూడదన్నారు. “కట్టడానికి అక్కడ ఊరుంటే కదా,” అని రాయబారి నవ్వాడు. రెల్లులంక వాళ్ళూ కొంచెం నవ్వారు. నవ్వకపోతే బాగుండదని నవ్వారు.

మూడో ఏడు రాజుగారు రాతి కట్ట కట్టిస్తానన్నారు. వరద మళ్ళీ ఊళ్ళోకి రాకుండా ఊరి చుట్టూ కట్ట. అయితే ఆ పిలుపుకి పలికిన గొంతే సభకు వచ్చి ఒక మాట చెప్పాలి.

నూకాలు సభలో నిలబడింది.

“మీకు తూర్పున ఏముందమ్మా?” అని రాజు అడిగాడు.

“ఇసుక ఉంది మహారాజా.”

“ఊరు?”

నూకాలుకు మనవరాలు గుర్తొచ్చింది. నడుముల్లోతు నీళ్ళు నిండిన ఇల్లు గుర్తొచ్చింది. “లేదు,” అంది.

రాజు మెచ్చి పట్టుచీర ఇచ్చాడు. ఆ చీర ఆమె ఎన్నడూ కట్టలేదు.

మూడేళ్ళు బదులు లేకపోయినా ముత్యాలు పిలవడం మానలేదు. “మా అక్క వింటూనే ఉంటుంది,” అనేదట.

ఆ భాద్రపదంలో నది పొంగింది. తెల్లవారుతూనే పిలుపు వచ్చింది. “ఉన్నారా?” వెంటనే రెండోసారి. వెంటనే మూడోసారి.

నూకాలు అప్పన్న ఇంటికి పరిగెత్తింది. “పడవలు విప్పు మావా.”

అప్పన్న తల దించుకున్నాడు. “కట్ట సగమే అయింది. పడవలు అటు వెళ్ళాయంటే మిగతా రాళ్ళు రావు. మనకూ పిల్లలున్నారు. ఊరు లేదని సభలో నువ్వే కదమ్మా అన్నావు.”

“అబద్ధమాడాను.”

మాటా మాటా సాగింది. పొద్దు బారెడెక్కింది. ఈలోగా నాలుగో పిలుపు వచ్చింది, అయిదోదీ వచ్చింది. ఆ తరవాత రాలేదు.

నూకాలు తానే రేవులోకి దిగి పడవ విప్పింది. మూడేళ్ళుగా మూగబోయిన గొంతు తెరిచి, “ఉన్నాం! వస్తున్నాం!” అని అరిచింది. ఆ కేక విని ఊరు ఆగలేకపోయింది. మిగతా ఆరు పడవలూ ఆమె వెనకే బయలుదేరాయి.

ఇసుకలంక జనమంతా దిబ్బ మీద ఉన్నారు. అందరినీ పడవలెక్కించారు. నూకాలు ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చింది. “మా చెల్లెలేదీ?”

ఒక ముసలాయన మెల్లగా చెప్పాడు. “దిబ్బెక్కమని అందరం బతిమాలాం తల్లీ. కొసన నిలబడితేనే మీకు వినిపిస్తుందని అక్కడే ఉండిపోయింది. ఒక్కసారి పలికితే వచ్చేస్తానంది. వినపడలేదేమోనని ఇంకోసారి, ఇంకోసారి పిలిచింది. నీళ్ళు ఆగలేదు.”

వరద తీశాక ఇసుకలంక వాళ్ళు తమ లంకకు తిరిగి వెళ్ళారు. రాజుగారి రాళ్ళు ఆగిపోయాయి. మరుసటి ఏడు, కట్ట లేని సగం వైపు నుంచే వరద రెల్లులంకలోకి వచ్చింది. నూకాలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది. పిలిచే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు. మనవరాలు చెయ్యి పట్టుకుని ఉంది. పిలిచింది.

“ఉన్నారా?”

రెండోసారి పిలవనక్కర్లేకపోయింది.

“ఉన్నాం పెద్దమ్మా. వస్తున్నాం.”

అది ముత్యాలు కూతురి గొంతు. అచ్చం తల్లి గొంతే. ఆ రోజు రెల్లులంకలో ఒక్క ప్రాణం కూడా పోలేదు. నూకాలు మాత్రం పడవలో కూర్చుని గట్టు చేరేదాకా తల ఎత్తలేదు.

ఆకలన్నవాడికి అన్నం పెట్టడం ధర్మం. పెట్టిన అన్నం చూపించి, ఉన్నవాళ్ళను లేరనమనడం దానం కాదు, అలా అన్ననాడు పోయేది మన గొంతు ఒక్కటే కాదు. పిల్లలూ, ఈ కథ మీ దగ్గరే ఆగిపోనివ్వకండి. వినని వాళ్ళకు చెప్పండి, వాళ్ళు ఊ అనేదాకా ఆగి చెప్పండి.