సువర్చల గడియారం

పరాంకుశం మాస్టారు ప్రశ్నకు సూటిగా జవాబిచ్చి ఎరగరు. చదరంగం పోటీలకు ఆర్బిటర్‌గా, అంటే తీర్పరిగా, ఊళ్లు తిరిగిన మనిషి. ఏం అడిగినా ఏదో ఒక ఆట చెబుతారు.

ఆయన శిష్యురాలు ప్రసూన ఇప్పుడు కాలేజీలో లెక్చరర్. ప్రశ్నపత్రం బయటపెట్టిందని నింద మోపి, తోటి లెక్చరర్ షంషాద్‌ను ఆ సాయంత్రం మీటింగులో ఉద్యోగం నుంచి తీసేయబోతున్నారు. పరీక్ష రోజంతా షంషాద్ పక్కనే ఉన్నది ప్రసూన. నింద అబద్ధమని తెలిసిందీ ఆమెకే.

"ఇవాళే నోరు విప్పితే నా ఉద్యోగానికీ ఎసరే మాస్టారూ. ప్రస్తుతానికి పక్కనుంచి చూస్తూ ఉండి, అదను చూసి మాట్లాడదామనుకుంటున్నా. అది తెలివేగా?"

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"సువర్చల అని ఒకమ్మాయి ఉండేది. ఆ ఆట గెలిస్తే రాష్ట్ర జట్టులో చోటు. అందరిలా రాజు ముందు బంటుతో మొదలెట్టలేదు. పక్క వరసలో బంటు జరిపి, బిషప్‌ని మూలకు చేర్చి, నడిమి గళ్లు ఎదుటివాడికే వదిలేసింది. ఎదురుగా రైల్వేలో పనిచేసే పెద్దాయన. 'ఏమ్మా, ఊళ్లోకి రావా? పొలిమేరలోనే కాపురమా?' అని నవ్వాడు. ఆయన నడుమంతా బంట్లతో నింపాడు. వాటికి కాపలా కాయడానికే ఆయన బలగమంతా సరిపోయింది. ఇక ఆమె ఒక్క బంటు ముందుకు తోస్తే అదంతా కూలుతుంది. చుట్టూ నిలబడ్డవాళ్లకు కూడా కనబడుతోంది."

"తోసిందా?"

"ముందు తన రాజుని ఇంకాస్త భద్రం చేసుకుంది. తర్వాత ఏనుగుని సర్దింది. ఆపైన తల చేతుల్లో పెట్టుకుని, ఇంకా మంచి అదను కోసం ఆలోచిస్తూ కూర్చుంది. పోటీలో ఇద్దరికీ చెరో గడియారం, ఇంత టైం అని లెక్క; ఆలోచించేవాళ్ల గడియారమే కదా నడిచేది! బంటు మీదికి చెయ్యి వెళ్లేసరికి ఆమె టైం అయిపోయింది. ఓడిపోయావని చెప్పాల్సింది నేనే, చెప్పాను. పెద్దాయన చెయ్యి కలుపుతూ, 'ఆట నీదేనమ్మా, టైమే నాది' అన్నాడు. ఈసారి నవ్వలేదు."

న్యాయానికి ముహూర్తం వెతికేవాళ్లకు వాదనలకేం కొదవ? ప్రసూన వెంటనే అందుకుంది: "అయితే పక్కనుంచి మొదలెట్టడమే తప్పంటారు!"

"ఎవరన్నారు? ఆ రోజు హాల్లో అంత చక్కటి ఆట ఇంకొకటి లేదు." మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని ఆమెకేసి చూశారు. "అది సరే గానీ, మీ మీటింగు ఎన్నింటికి?"