మూడు నల్ల దారాలు

ఏమర్రా, సర్దుకున్నారా? గోపీ, ఆ కాలు అటు తీయరా, నా నడుం విరుగుతోంది. మైథిలీ, నువ్వూ ఇలా రావే. మూతి అలా పెట్టుకోకు, నేనేమీ అనలేదుగా నిన్ను. ఊ కొట్టాలి మరి. మీ ఊ ఆగిందా, నా కథా ఆగుతుంది.

అనగనగా, కాగితమన్నది ఇంకా పుట్టని రోజుల్లో ఒక ఊరు. రాతంతా తాటాకు మీదే. ఆ ఊళ్ళో సూరప్ప పంతులుగారని ఒకాయన, ముప్ఫై మంది పిల్లలకి రాత నేర్పేవాడు. ఇనుప గంటంతో ఆకు మీద గీసి రాయాలి. గీస్తే ఏమీ కనపడదు. పైన మసి పూసి తుడిస్తే అప్పుడు తేలతాయి అక్షరాలు. ఏడాదికోసారి ఆ బడిలో అందరికంటే బాగా రాసిన ఒక్కరిని రాజుగారు కోటలో పుస్తకాలు రాయడానికి పిలిపించుకునేవాడు. ఇక ఆ ఇంటికి తిండీ, మందూ మాకూ, అన్నీ కోటనుంచే.

ఆ బడిలో నాంచారి అని పదకొండేళ్ళ పిల్ల ఉండేది. తల్లి లేదు. తండ్రి తాటిచెట్లెక్కి బడికి ఆకు కోసేవాడు. ఓ రోజు పట్టు జారి పడ్డాడు పాపం, నడుం పోయింది, మంచానికే అతుక్కుపోయాడు. ఇక అన్నీ ఆ పిల్లే. ఆకు కోసేదెవరు? నాంచారి. ఉడకేసేదెవరు? నాంచారి. ఎండేసేదెవరు? నాంచారి. పసుపు రాసేదెవరు? నాంచారి. ముప్ఫై మందికీ మంచి ఆకులిచ్చి, తను చివర ముక్కల మీద రాసుకునేదెవరర్రా? ఆ, నాంచారే. ఈ ఏడు కోట పిలుపొస్తే నాన్నకి వైద్యుడొస్తాడు. ఆ పిల్ల ఆశంతా దానిమీదే.

సరిగ్గా ఆ ఏడే పంతులుగారికి చూపు పోయింది. మరి ఆకులు దిద్దేదెవరు? ఊ కొడుతున్నారా, గోడకి చెప్తున్నానా?

పంతులుగారికి పేరిందేవి అని ఓ కోడలు. చదువుకున్నది, మహా తెలివైనది. నువ్వే దిద్దమ్మా అన్నాడు మామగారు. ఆవిడ వద్దంది. తన కొడుకు రామలింగమూ అదే బడిలో చదువుతున్నాడు కదా, తను దిద్దితే ఊరు ఊరుకుంటుందా? మూడు రోజులు పొయ్యి దగ్గర కూర్చుని ఆలోచించి, ఓ పద్ధతి చెప్పింది. పిల్లల రాతలు పిల్లలే దిద్దుకోవాలి. ఆకు మీద పేరుండకూడదు. ఒక్కో ఆకు ముగ్గురి చేతికి వెళ్ళాలి. బాగుంటే పసుపు దారం, తప్పుంటే నల్ల దారం ఆకు చిల్లుకి కట్టాలి. ఎవరు కట్టారో ఎవరూ అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు. అప్పుడు మొహమాటమూ ఉండదు, పగా ఉండదు. పంతులుగారు శభాష్ అన్నాడు. ఊరంతా ఆహా అంది. పేరిందేవి కూడా లోపల్లోపల మురిసిపోయింది, ఎందుకు చెప్పొద్దూ.

పేరు లేకపోతే ఏం? నాంచారి అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. మసి తుడవగానే ముప్ఫై మందీ పోల్చేస్తారు. ఆ ఒక్క సంగతీ పేరిందేవికి తట్టలేదు.

నాంచారి ఆకు మొదటి వాడికొచ్చింది. అబ్బ, ఎంత బాగుందీ అనుకున్నాడు. దీనికి పసుపు కడితే నా ఆకేం కావాలి? మిగతా ఇద్దరూ ఎలాగూ పసుపే కడతారు, నాది ఒక్క దారమేగా అనుకుని నల్లది కట్టాడు. ఒకరు కట్టిన దారం ఇంకొకరికి కనపడకుండా గుడ్డ చుట్టి పంపేవారు కదా, రెండోవాడూ ఒక్క దారమేగా అనుకున్నాడు. మూడోవాడూ ఒక్క దారమేగా అనుకున్నాడు. అంతే, ముత్యాల్లాంటి ఆకుకి మూడు నల్ల దారాలు!

మరి పసుపు దారాలు ఎవరికొచ్చాయనుకున్నారు? బుచ్చన్నకి. వాడు రెండు వరుసలు ఎగరగొట్టేశాడు, మొద్దు వెధవ. వీడితో మనకేం పోటీ, పోనీలే పాపం అని ముగ్గురూ పసుపు కట్టారు. వాడు మేళతాళాలతో కోటకెళ్ళాడు. నవ్వకే మైథిలీ, ఇందులో నవ్వడానికేం లేదు.

నాంచారి ఏడవలేదు. ఆకు పట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంది, వెలుగులో పెట్టి చూసుకుంది. గంటం పంతులుగారి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ వానాకాలం దాటకుండానే తండ్రి పోయాడు. ఆ పిల్ల ఎటుపోయిందో కూడా ఎవరూ అడగలేదు.

దారాలు కట్టి ఆరు నెలలు గడిచాయి. ముసురు వెలిసి ఎండ కాస్తే పాత ఆకులన్నీ ఆరబెడుతున్నారు. చూపు పోయాక పంతులుగారి వేళ్ళకి చదువొచ్చింది. గంటం గీతలు తడిమి చదివేస్తున్నాడు. ఓ ఆకు మీద బొటనవేలు పోనిచ్చి ఆగిపోయాడు. అమ్మాయీ, ఇది ఎవరిదే, ఒక్క తప్పు లేదు అన్నాడు. పేరిందేవి చూసేసరికి, నాంచారి ముత్యాల రాత, దానికి మూడు నల్ల దారాలు.

ఆకు పట్టుకుని లేచింది ఆవిడ. బళ్ళోకెళ్ళి అడిగింది. ఒక్కడూ నోరు విప్పలేదు. అడగకూడదని పెట్టిందీ ఆవిడేగా! మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్న రామలింగం కంచం పక్కకి తోసేశాడు. కళ్ళనీళ్ళు కారిపోతుంటే, అమ్మా, అందులో ఒక్కటి నాదేనే, ఒక్కటేనే అన్నాడు. సాయంత్రానికి మరో ఇద్దరొచ్చారు. వాళ్ళదీ అదే మాట. ఒక్కటే, ఒక్కటే అని. ఎవరి చెయ్యీ ఒక్క దారం కంటే ఎక్కువ కట్టలేదు నాయనా.

పేరిందేవి ఆకు కొంగున కట్టుకుని ఊరూరూ తిరిగింది. ఎక్కడో ఇళ్ళకి తాటాకు కప్పేవాళ్ళ దగ్గర కనపడింది నాంచారి. వేళ్ళన్నీ చీరుకుపోయాయి. రామ్మా, మళ్ళీ రాద్దువుగాని అంటే, ఆ పిల్ల ఏమందో తెలుసా?

"ముగ్గురికి తప్పు కనపడిందంటే ఉండే ఉంటుంది అమ్మగారూ. రాత్రీ పగలూ చూశాను, నాకే కనపడలేదు. తన తప్పు తనకి కనపడనిదానికి గంటమెందుకు?"

పేరిందేవి భోరుమంది. తప్పు లేదు తల్లీ, అసలు లేదు, ఉన్నదల్లా నా పద్ధతిలోనే అంది. ఆ పిల్ల ఎదుటే మూడు దారాలూ పళ్ళతో కొరికి తెంపేసింది.

ఇంటికి తెచ్చుకుని కన్నకూతురిలా పెంచింది. పద్ధతీ మార్చింది. దిద్దేవాడు తన పేరు చెప్పాలి. నల్ల దారం కట్టాలంటే రాసినవాడి ఎదురుగా కూర్చుని, తప్పున్న చోట వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే పసుపే. అంతే, బడి బాగుపడింది. నాంచారి పెద్దదై అదే బళ్ళో చదువు చెప్పింది. అందరూ సుఖంగానే ఉన్నారు. కాకపోతే, తల నెరిసిన తర్వాత కూడా నాంచారి ఏం రాసినా పక్కనున్న చంటిపిల్లనైనా పిలిచి చూపించేదిట, ఇందులో తప్పేమైనా ఉందా అమ్మా అని. లేదు లేదు అని ఎందరు చెప్పినా నమ్మలేకపోయేదిట.

కథ కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం. గోపీ పడుకున్నట్టున్నాడు.

మైథిలీ, నువ్వు ఊ కొట్టడం ఎప్పుడో మానేశావేం? ఇవాళ మీ టీచరు నోటుబుక్కులు మార్పించి దిద్దమంటే, ఆ వెనక బెంచీ పిల్లకి పదికి రెండేశానని నవ్వుతూ చెప్పావుగా. నిజంగా ఆ పిల్ల రాతకి రెండేనా?

సరే సరే, ఏడవకు. రేపు వెళ్ళగానే చెప్పేసెయ్. ఆలస్యం చేస్తే ఆ పిల్ల నమ్మేస్తుందే తల్లీ.