రాగులకు పడిన శిక్ష

ఇది రెండు ముక్కల్లో అయిపోయే కథ. రెండు ముక్కలంటే పూజారి సూరన్నగారి రెండు ముక్కలు కాదు. ఆయన నోరు తెరిస్తే దేవుడి నైవేద్యం కూడా చల్లారిపోతుంది. సరే, ఆయన్ని వదిలేద్దాం.

దొర నరసభూపతిగారు కల్లు చేసి అమ్ముకునే గైరమ్మ దగ్గర రాగుల కల్లు తాగి, పట్టపగలు పేడకుప్పలో పడ్డారు. ఆయన పడలేదట, కల్లు తోసిందట. అందుకని గైరమ్మ కుండలన్నీ పగలగొట్టించడానికి మనుషుల్ని వెంటేసుకొచ్చారు. కుండలు పోతే గైరమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు.

"తోసిన మాట నిజమే బాబూ," అంది గైరమ్మ. "కుండదేం తప్పు? తోసినవి లోపలున్న రాగులు. నూర్పులప్పుడు కళ్ళంలో తమరు చెప్పులు విడిచి వాటికి దండం పెట్టారు చూడండి, అప్పట్నించే వాటికి పొగరు."

దొరగారికి ఇది సబబుగా తోచింది. తను కాక ఇంకొకరికి పొగరుంటే ఆయనకు మొదట్నించీ గిట్టదు.

"అయితే ఏం శిక్ష వేద్దామంటావే?"

"రాత్రంతా నీళ్ళలో ముంచాలి. మూటకట్టి చీకట్లో పడెయ్యాలి. మొలకలొచ్చాక ఎండలో మాడ్చి, తిరగట్లో నలిపి, కుండలో వేసి మూతి బిగించాలి. ఖైదుకి కుండలు మాత్రం ఉండాలి బాబూ."

గైరమ్మ ఇన్నేళ్ళుగా కల్లు చేస్తున్నదీ అలాగే. కాకపోతే రాగులు తనే కొనుక్కునేది.

దొరగారు గాదె తెరిపించి బస్తాలకు బస్తాలు ఖైదుకి పంపారు. వారం తిరిగాక ఖైదీలకు బుద్ధొచ్చిందో లేదో చూడ్డానికి స్వయంగా వచ్చి, పొద్దు వాలేదాకా దగ్గరుండి విచారించారు. వెళుతూ వెళుతూ సామల్నీ కొర్రల్నీ కూడా పట్టుకురమ్మని ఆజ్ఞాపించారు.